దజైఫు తెన్మాన్‌గూ: ఎద్దు ఆగిన చోటు, ఎగిరివచ్చిన చెట్టు

మీ అబ్బాయి జపాన్‌లోని ఫుకుఒకాలో చదువుతున్నాడనీ, ఫిబ్రవరిలో మీరూ మీ అమ్మగారూ అతని దగ్గరికి వెళ్తున్నారనీ, పరీక్షలకు ముందు దజైఫు గుడికి వెళ్ళి అక్కడి ఎద్దు తల నిమిరి రావాలని అతని స్నేహితులు చెప్పారనీ రాశారు. ఆ ఎద్దు కథా, రాత్రికి రాత్రి ఎగిరివచ్చిందని చెప్పే చెట్టు కథా ఎంతవరకు నిజం, షింతో మతం తెలియని మనవంటివాళ్ళను లోపలికి రానిస్తారా, ఒక పూటలో చూసి రావచ్చా అని అడిగారు. నేను పన్నెండేళ్ళుగా ఫుకుఒకాలో ఉంటూ ఏటా రెండు మూడుసార్లు ఆ గుడికి వెళ్తున్నాను. తెలుగునాడు నుంచి వచ్చిన బంధువులను, స్నేహితులను అక్కడికి ఎన్నోసార్లు తీసుకువెళ్ళాను. ఆ అనుభవంతో కాస్త వివరంగానే జవాబు రాస్తున్నాను.

గుడికి ఎవరైనా వెళ్ళవచ్చు. ఆవరణలోకి ప్రవేశ రుసుము లేదు, ఏ మతమని ఎవరూ అడగరు. చూడడానికి పూట సరిపోతుంది, కాని నా సలహా ఒక రోజంతా కేటాయించమనే. కథలు నిజమా అన్న ప్రశ్నకు మాత్రం ఒక్క మాటలో జవాబు చెప్పలేము. అది ఒక స్థలపురాణం. మన స్థలపురాణాల్లాగే అందులోనూ రాతలో ఉన్న చరిత్ర, జనం నోట పెరిగిన కథ కలిసిపోయి ఉన్నాయి. అయితే ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. కథానాయకుడు నిజంగా జీవించిన మనిషి కాబట్టి, ఆయన రాసిన కవిత్వం నిలిచి ఉంది కాబట్టి, ఎక్కడ చరిత్ర ఆగి కథ మొదలవుతుందో చాలావరకు చూపించవచ్చు.

నేను చూసినంతలో మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటే. రైలు దిగి, అంగళ్ళ వీధి దాటి, నేరుగా ఎద్దు దగ్గరికి వెళ్ళి తల నిమిరి, ఫొటో తీసుకుని వెనక్కి వస్తారు. ఆ ఎద్దు ఈ కథలో చివరి ఘట్టం. అక్కడికి చేరేలోపు జరిగినదేమిటో తెలియకపోతే అది నున్నగా అరిగిన లోహపు బొమ్మగానే మిగిలిపోతుంది. దజైఫు తెన్మాన్‌గూ ఒక మనిషిని పాతిపెట్టిన చోట కట్టిన గుడి. దాన్ని కథ నడిచిన వరుసలోనే చూడాలన్నది నా అభిప్రాయం.

ఆ మనిషి పేరు సుగవారా నో మిచిజనె. క్రీ.శ. 845లో పండితుల వంశంలో పుట్టాడు. తాత, తండ్రి ఇద్దరూ ఆస్థాన విద్వాంసులు. చైనా భాషలో కవిత్వం చెప్పడంలోనూ, చరిత్ర గ్రంథాలు కూర్చడంలోనూ ఆయన ఆనాటి మేటి. 894లో తాంగ్ వంశం ఏలుతున్న చైనాకు పంపబోయే రాయబార బృందానికి నాయకుడిగా నియమిస్తే, చైనాలో ఆనాడున్న కల్లోలాన్ని చూపి ఆ ప్రయాణాన్నే ఆపించిన వ్యక్తి ఆయన. ఆ కాలంలో పెద్ద పదవులన్నీ ఫుజివారా కుటుంబం చేతిలో ఉండేవి. అటువంటి కొలువులో ఒక పండితుడు కేవలం విద్యతో 899లో కుడి మంత్రి పదవికి ఎదగడం చాలామందికి కంటగింపయింది. ఎడమ మంత్రిగా ఉన్నవాడు ఫుజివారా నో తొకిహిరా. చక్రవర్తి దైగోను దించి, తన అల్లుడైన రాకుమారుణ్ణి గద్దెనెక్కించాలని మిచిజనె కుట్ర పన్నుతున్నాడని ఆయనమీద నేరం మోపారు. 901 సంవత్సరం మొదటి నెలలో విచారణ ఏమీ లేకుండానే ఆయన్ను అప్పటి రాజధాని క్యోతో నుంచి దజైఫుకు పంపేశారు. పేరుకు అదొక పదవే, కాని అధికారం లేదు, జీతం లేదు. పెద్ద కొడుకులను తలా ఒక దిక్కుకు వెళ్ళగొట్టారు. తండ్రి వెంట చిన్నపిల్లలు మాత్రమే వచ్చారు.

దజైఫు అనేది గుడి పేరు కంటే ముందు ఒక పాలనా కేంద్రం పేరు. క్యూషూ ద్వీపమంతటినీ పాలిస్తూ, కొరియా, చైనాల నుంచి వచ్చే రాయబారులను ఆహ్వానించే ప్రభుత్వ కార్యాలయం అది. ఇప్పుడక్కడ విశాలమైన పచ్చిక, దాని నడుమ స్తంభాలు నిలిచిన పెద్ద పెద్ద పునాది రాళ్ళు మిగిలాయి. మిచిజనె కంటే 170 ఏళ్ళ ముందు, 730లో, ఆ కార్యాలయ అధిపతి ఒతోమో నో తబితో తన ఇంట్లో ఉమె పూలు చూస్తూ విందు చేసి, వచ్చినవారిచేత 32 పద్యాలు చెప్పించాడు. 2019లో మొదలైన జపాన్ కొత్త శకం పేరు ‘రేవా’ ఆ పద్యాలకు రాసిన పీఠికలోని మాటల నుంచి తీసుకున్నదే. ఉమె అంటే చలి ఇంకా పోకముందే ఆకులేని కొమ్మలమీద పూచే, ప్లమ్ జాతికి చెందిన చెట్టు. చైనా నుంచి వచ్చింది. పండితులకు ఇష్టమైన పువ్వు. మన కథలో ఎగిరివచ్చిన చెట్టు ఇదే కనుక ముందుగా చెప్పాను.

ఇక మీ ప్రయాణం. మీరు ఫుకుఒకా నగరం నడిబొడ్డున తెన్‌జిన్ అనే ప్రాంతంలో నిషితెత్సు అనే సంస్థ నడిపే రైలెక్కుతారు. పెద్ద పెద్ద దుకాణాలున్న ఆ ప్రాంతానికి ఆ పేరు వచ్చిందే మిచిజనె వల్ల. తెన్‌జిన్ అంటే ఆకాశ దేవుడు, ఆయనకు మరణానంతరం వచ్చిన పేరు. స్టేషన్‌కు కొద్ది దూరంలో ఎత్తైన భవనాల నడుమ ఇరుక్కున్నట్టు సుయిక్యో తెన్మాన్‌గూ అనే చిన్న గుడి ఉంది. సుయిక్యో అంటే నీటి అద్దం. ప్రవాసానికి వస్తూ ఓడ దిగిన మిచిజనె నీళ్ళలో తన నీడ చూసుకుని, తన ముఖం ఇంతగా వాడిపోయిందా అని కుంగిపోయాడని అక్కడి కథ. గుడిని ఇప్పుడున్న చోటికి 1612లో మార్చారు కాబట్టి ఆయన నిలబడ్డ చోటు అదే అనుకోనక్కరలేదు. అయినా పది నిమిషాలు అక్కడ ఆగి వెళ్ళండి. దజైఫు కథ ఆ ముఖంతోనే మొదలవుతుంది.

రైలులో పావుగంట ప్రయాణిస్తే నిషితెత్సు ఫుత్సుకాయిచి స్టేషన్ వస్తుంది. అందరూ అక్కడ రైలు మారి దజైఫుకు వెళ్తారు. మీరు అక్కడ స్టేషన్ బయటికి వచ్చి ఎనోకిషా అనే చోటికి నడవండి. పది, పదిహేను నిమిషాల దారి. మీ అమ్మగారికి కష్టమనుకుంటే టాక్సీ తీసుకోండి. రైలు పట్టాల పక్కన, ఇళ్ళ నడుమ, చెట్ల నీడలో ఉన్న ఒక చిన్న ఆవరణ అది. పర్యాటకులు దాదాపు ఉండరు. మిచిజనె బతికిన చివరి రెండేళ్ళూ గడిపిన ఇల్లు ఉన్న చోటు ఇదే. పైకప్పు కారేదనీ, నేల కుళ్ళిపోయిందనీ, తినడానికి కట్టుకోవడానికి కరువయిందనీ ఆయన తన పద్యాల్లోనే చెప్పుకున్నాడు. వెంట వచ్చిన చిన్న కొడుకు ఇక్కడే చనిపోయాడని చెబుతారు. ఆ ఇంటికి ఎదురుగా ఉన్న ఒక ముసలమ్మ, కావలివాళ్ళ కంట పడకుండా, ఉమె కొమ్మకు మోచి, అంటే బియ్యంతో చేసిన మెత్తటి బిళ్ళ, గుచ్చి కిటికీ సందులోంచి ఆయనకు అందించేదని కథ. ఆ ముసలమ్మకు ఎనోకిషా వెనుకవైపు ఒక చిన్న గుడి ఉంది. గొప్ప గుడికి ముందు ఆ చిన్న గుడి దగ్గర నమస్కారం పెట్టండని మాత్రం నేను అందరికీ చెబుతాను. ఏటా సెప్టెంబరులో మిచిజనె దేవుణ్ణి పల్లకిలో తెన్మాన్‌గూ నుంచి ఈ చోటికి ఊరేగింపుగా తెచ్చి, ఒక రాత్రి ఉంచి, మర్నాడు తిరిగి తీసుకువెళ్తారు. ఏ ఇంట్లో ఆయన బాధపడ్డాడో ఆ ఇంటికే, ఏ ముసలమ్మ అన్నం పెట్టిందో ఆమెను పలకరించడానికే దేవుడు ఏడాదికొకసారి వస్తాడన్నది స్థానికుల నమ్మకం.

ఆయన ప్రవాసంలో రాసిన పద్యాలలో ఒకటి ‘గుమ్మం దాటను’ అన్న అర్థం వచ్చే శీర్షికతో ఉంది. కార్యాలయ భవనం పైకప్పు పెంకుల రంగు మాత్రం కంటికి కనిపిస్తుందనీ, కన్నొన్‌జి గుడి గంట చప్పుడు మాత్రం చెవికి వినిపిస్తుందనీ అందులో అంటాడు. ఆ గుడి కన్‌జెఓన్‌జి ఇప్పటికీ ఉంది. ఏడో శతాబ్దం చివర పోతపోసిన ఆ గంట కూడా ఇప్పటికీ ఉంది, జపాన్ దాన్ని జాతీయ సంపదగా గుర్తించింది. ఈ స్థలపురాణంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించేది ఆ గంటే. చెట్టు ఎగిరిందా లేదా అని వాదించుకోవచ్చు, కాని ఆ చప్పుడు ఆయన విన్నాడనడంలో సందేహం లేదు. ఎనోకిషా చూశాక ఓపిక ఉంటే కన్‌జెఓన్‌జికీ, పక్కనే ఉన్న పునాది రాళ్ళ మైదానానికీ వెళ్ళండి. ఓపిక లేకపోతే మైదానం వదిలేసినా ఫరవాలేదు, గంట వదలకండి.

903 రెండవ నెల 25వ తేదీన మిచిజనె దజైఫులోనే చనిపోయాడు. భౌతికకాయాన్ని ఎద్దుబండిమీద తీసుకుపోతుంటే ఒకచోట ఎద్దు కూలబడి ఎంత అదిలించినా లేవలేదనీ, ఆయన మనసు అదేనేమో అనుకుని అక్కడే పాతిపెట్టారనీ చెబుతారు. ఇది కథ. కాని దాని తరువాతది చరిత్ర. వెంట ఉన్న శిష్యుడు ఉమసకె నో యసుయుకి 905లో సమాధి దగ్గర ఒక చిన్న మందిరం కట్టాడు. 919లో చక్రవర్తి ఆజ్ఞమీద అక్కడ పెద్ద గుడి లేచింది. ఆ గుడిని కట్టించినవాడు ఫుజివారా నో నకాహిరా. నేరం మోపిన తొకిహిరాకు స్వయానా తమ్ముడు. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుని ప్రధాన మందిరం ముందు నిలబడితే ఆ గుడి వేరుగా కనిపిస్తుంది.

తమ్ముడు గుడి కట్టించవలసిన అవసరం ఎందుకొచ్చిందంటే, భయం వల్ల. 909లో తొకిహిరా 39వ ఏట చనిపోయాడు. 923లో యువరాజు చనిపోయాడు. ఆ ఏడే మిచిజనెకు పాత పదవిని తిరిగి ఇచ్చి, ప్రవాస ఆజ్ఞను రద్దు చేశారు. అయినా 930లో క్యోతో రాజప్రాసాదంమీద పిడుగు పడి కొలువులోని పెద్దలు కొందరు మరణించారు. అది చూసి మంచం పట్టిన దైగో చక్రవర్తి ఆ ఏడే కన్నుమూశాడు. అన్యాయంగా చచ్చినవాడి ఆత్మ ఉరుమై మెరుపై పగ తీర్చుకుంటున్నదని దేశమంతా నమ్మింది. 947లో క్యోతోలో కితానో గుడి వెలిసింది. 993లో రాజ్యంలోకెల్లా పెద్దదైన మహామంత్రి పదవిని చనిపోయిన మనిషికి ఇచ్చారు. తరువాతి శతాబ్దాల్లో భయం మెల్లగా కరిగిపోయి, ఆయన విద్వత్తు, కవిత్వం, రుజువర్తనం మిగిలాయి. ‘ఎదో’ అని పిలిచే కాలంలో, అంటే 17వ శతాబ్దం మొదలు 19వ శతాబ్దం నడుమ వరకు, ఊరూరా నడిచిన వీధిబడుల్లో పిల్లలు ఆయన బొమ్మ ముందు దండం పెట్టుకుని అక్షరాలు దిద్దేవారు. ఇవాళ మీ అబ్బాయి స్నేహితులు చెప్పే ‘చదువుల దేవుడు’ అలా తయారయ్యాడు.

మనవాళ్ళు దీన్ని ‘జపాన్ బాసర’ అంటారు. పిల్లల చదువుకోసం తల్లిదండ్రులు మొక్కుకునే చోటు కనుక ఆ పోలిక సహజమే, మీ అమ్మగారికి చెప్పడానికి పనికొస్తుంది కూడా. కాని ఒక తేడా గుర్తుంచుకోండి. సరస్వతీదేవి జపాన్‌లో బెన్‌జైతెన్ అన్న పేరుతో వేరుగా ఉంది, ఆమె గుళ్ళు వేరు. తెన్‌జిన్ మాత్రం పుట్టి, చదివి, ఉద్యోగం చేసి, అవమానపడి పోయిన మనిషి. ఆయన దగ్గర మొక్కుకునేవాళ్ళు తమకంటే ఎక్కువ చదివిన ఒక పెద్దాయన ముందు నిలబడినట్టు నిలబడతారు.

ఎనోకిషా నుంచి ఫుత్సుకాయిచికి తిరిగి వచ్చి దజైఫు వెళ్ళే చిన్న రైలెక్కితే, రెండవ స్టేషనే దజైఫు. బయటికి రాగానే గుడి దాకా అంగళ్ళ వీధి. ఆ వీధిలో అడుగడుగునా ఉమెగాఎ మోచి కాలుస్తుంటారు. బియ్యప్పిండి పూతలో తీపి ఎర్ర అలసంద పూర్ణం పెట్టి, ఇనుప అచ్చులో కాల్చిన గుండ్రటి బిళ్ళ, దానిమీద ఉమె పువ్వు ముద్ర. ముసలమ్మ కొమ్మకు గుచ్చి ఇచ్చిన మోచి ఇదే అంటారు. అందులో ఉమె పండు ఏమీ ఉండదు, పేరు కొమ్మ వల్ల వచ్చింది. గుడ్డు, మాంసం ఉండవు కనుక మీ అమ్మగారు తినవచ్చు, అయినా శాకాహార నియమం గట్టిగా ఉంటే కొనే అంగట్లో ఒకమాట అడగండి. పొయ్యిమీంచి తీసింది తీసినట్టు వేడిగా తినాలి, చల్లారితే గట్టిపడుతుంది. ప్రతి నెలా 25న, ఆయన తిథి అంకెను బట్టి, మాచిపత్రి జాతి ఆకు కలిపిన ఆకుపచ్చ మోచి అమ్ముతారు. మీ ప్రయాణంలో 25వ తేదీ పడితే ఆ రోజే వెళ్ళండి. వీధిలోనే వాస్తుశిల్పి కుమా కెంగో రూపొందించిన, చెక్క కడ్డీలు అల్లినట్టున్న కాఫీ దుకాణం ఒకటి కనిపిస్తుంది. అబ్బాయికి నచ్చుతుంది, కాని దానికోసం ఎక్కువసేపు ఆగవలసిన పని లేదు.

వీధి చివర ఎడమవైపు తిరిగే చోట మొదటి ఎద్దు పడుకుని ఉంటుంది. ఆవరణలో ఇటువంటి ఎద్దులు పదకొండు ఉన్నాయి. అన్నీ పడుకున్నవే, ఎందుకంటే కథలో ఎద్దు కూలబడింది కదా. మిచిజనె పుట్టిన 845 కూడా తూర్పు దేశాల పంచాంగం ప్రకారం ఎద్దు సంవత్సరమే. మొదటి ఎద్దు దగ్గర వరుస ఎప్పుడూ పొడవుగా ఉంటుంది. అక్కడ నిలబడనక్కరలేదు, లోపలి ఎద్దుల్లో ఏదో ఒకటి ఖాళీగానే ఉంటుంది. తల నిమిరితే తెలివి వస్తుందని నమ్మకం. ఒంట్లో ఏ భాగం నొప్పిగా ఉంటే ఎద్దుకు ఆ భాగం తాకి తరువాత తమకు తాకించుకునేవాళ్ళూ ఉన్నారు. మీ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులున్నాయని రాశారు కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

ఎద్దు దాటితే చెరువు. జపాన్ లిపిలో హృదయం అన్న అక్షరం ఆకారంలో దాన్ని తవ్వారు. దానిమీద మూడు వంతెనలు. మొదటిది విల్లులా వంగినది, అది గతం, దాటేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదు. రెండవది సమంగా ఉన్నది, అది వర్తమానం, ఆగకూడదు. మూడవది మళ్ళీ వంగినది, భవిష్యత్తు, తడబడకూడదు. ఎక్కుడు దిగుడు అమ్మగారికి కష్టమైతే చెరువు పక్కనుంచి దారి ఉంది, అలా వెళ్ళినా దోషమేమీ లేదు. రెండు వంతెనల నడుమ ఉన్న చిన్న మందిరం చాలామంది చూడకుండా దాటిపోతారు. అది 1458 నాటిది, ఈ ఆవరణలో ఇప్పుడు నిలిచి ఉన్నవాటిలో అతి పాత కట్టడం. చుట్టూ ఉన్న మహావృక్షాలు కర్పూర చెట్లు, కొన్నిటికి వెయ్యేళ్ళు దాటాయి. మన హారతి కర్పూరం ఈ చెట్టు చెక్క నుంచే తీసేవారని మీ అమ్మగారికి చెప్పండి. నేను మా అమ్మకు ఆ మాట చెప్పినప్పుడు ఆమె చెట్టు మొదట్లో రాలిన ఆకు ఒకటి తీసి నలిపి వాసన చూసి, ఇంక చాలాసేపు అక్కడినుంచి కదలలేదు.

ఇప్పుడు నడవడిక సంగతి. తోరీ అనే ద్వారం ముందు ఆగి కొద్దిగా తల వంచి, నడుమ దారి దేవుడిది కనుక పక్కగా లోపలికి నడవాలి. నీళ్ళ తొట్టి దగ్గర ముందు ఎడమ చెయ్యి, తరువాత కుడి చెయ్యి కడుక్కుని, అరచేతిలో నీళ్ళు పోసుకుని నోరు పుక్కిలించాలి. గరిటెకు నోరు తగలకూడదు. మందిరం ముందు డబ్బాలో ఒక నాణెం వేసి, రెండుసార్లు నడుము వంచి నమస్కరించి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మనసులో చెప్పుకోవలసింది చెప్పుకుని, చివరగా మరొకసారి వంగాలి. బయట నిలబడి దండం పెట్టుకోవడానికి చెప్పులు విప్పే పని లేదు. లోపలికి వెళ్ళి పూజారి చేత ప్రార్థన జరిపించుకుంటే మాత్రం విప్పాలి, దానికి విడిగా రుసుము ఉంటుంది. కొబ్బరికాయ, కర్పూరం, అగరువత్తులు ఇంటినుంచి తీసుకువెళ్ళకండి, ఆ ఆచారాలకు ఇక్కడ చోటు లేదు. కుంకుమ బొమ్మలకు, చెట్లకు అద్దవద్దు. భక్తితో చేసిన పనే అయినా వాళ్ళకు అది గుడిని మలినం చేసినట్టే అవుతుంది. మన ప్రాంతపు భక్తులొకరు ఎద్దు నుదుట బొట్టు పెడితే అక్కడి పనివాళ్ళు వచ్చి ఒక్క మాటా అనకుండా తడిగుడ్డతో తుడవడం నేను చూశాను. ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది, అప్పటినుంచి ఎవరిని తీసుకువెళ్ళినా ఇది ముందే చెబుతున్నాను. ప్రార్థన జరుగుతున్నప్పుడు మందిరం లోపలికి కెమెరా ఎత్తవద్దు.

కోరిక రాసి కట్టడానికి ‘ఎమా’ అనే చెక్క పలకలు అమ్ముతారు. తెలుగులో రాయవచ్చా అని మావాళ్ళు చాలామంది అడిగారు. నిస్సందేహంగా రాయవచ్చు, ఎన్నో భాషల పలకలు అక్కడ వేలాడుతుంటాయి. మీ అబ్బాయి చేత్తోనే రాయించండి. ‘మొదటి ర్యాంకు రావాలి’ అని కోరడం తప్పు కాదు గాని, అక్కడి పిల్లలు ఎక్కువగా ‘నేను చదివినదంతా సరిగా రాయగలగాలి’ అన్న ధోరణిలో రాస్తారు. ఆ మర్యాద నాకు నచ్చుతుంది.

ప్రధాన మందిరం 1591లో కొబయకావా తకకాగె అనే సామంత ప్రభువు కట్టించినది. దాని పైకప్పు హినోకి అనే సైప్రస్ జాతి చెట్టు బెరడు పొరలతో నేసినది. ఇది మీ ప్రయాణానికి ముఖ్యం: 2027లో మిచిజనె 1125వ వర్ధంతి మహోత్సవం కోసం 2023 మేలో ఈ మందిరానికి భారీ మరమ్మతులు మొదలుపెట్టారు, వాటికి సుమారు మూడేళ్ళు పడుతుందన్నారు. ఆ కాలమంతా దేవుడుండడానికి మందిరం ముందు వాస్తుశిల్పి ఫుజిమోతో సో రూపకల్పనలో ఒక తాత్కాలిక మందిరం కట్టారు. దాని పైకప్పుమీద నిజమైన చెట్లు పెంచారు. దూరంనుంచి చూస్తే చిన్న అడవి ఎగిరివచ్చి గుడిమీద వాలినట్టు ఉంటుంది, ఉమె చెట్టు కథను మనసులో పెట్టుకునే అలా చేశారు. మీరు బయల్దేరేముందు గుడివారి ప్రకటన చూసుకుని, దేవుడు ఏ మందిరంలో ఉన్నాడో తెలుసుకుని వెళ్ళండి.

మందిరానికి ఎదురుగా నిలబడితే కుడివైపు కంచె లోపల ఉన్నదే తోబియుమె, ఎగిరివచ్చిన ఉమె. క్యోతో ఇల్లు విడిచిపెట్టే రోజున మిచిజనె పెరట్లోని ఉమె చెట్టును ఉద్దేశించి ఒక పద్యం చెప్పాడు. తూర్పుగాలి వీచినప్పుడు నీ పరిమళం నాకు పంపు, యజమాని లేడని వసంతాన్ని మరచిపోకు అన్నది దాని భావం. ఆ పద్యం 11వ శతాబ్దం మొదట్లో చక్రవర్తి ఆజ్ఞపై కూర్చిన సంకలనంలో ఉంది. యజమాని ఎడబాటు భరించలేక ఆ చెట్టు ఒక్క రాత్రిలో దజైఫుకు ఎగిరివచ్చిందని కథ. పెరట్లో ఉన్న చెర్రీ చెట్టు దిగులుతో ఎండిపోయిందనీ, పైన్ చెట్టు బయల్దేరి దారిలో కోబె దగ్గరే ఆగిపోయిందనీ, ఉమె ఒక్కటే చివరిదాకా చేరిందనీ దానికి కొనసాగింపు. అనుచరుడొకడు క్యోతో పెరటినుంచి మొక్క తెచ్చి నాటాడని చెప్పేవాళ్ళూ ఉన్నారు. అది నమ్మదగినదిగానే ఉంటుంది. నా మటుకు నాకు ఆ వివరణ వల్ల కథ విలువ ఏమీ తగ్గలేదు, వందల మైళ్ళు మొక్కను తడి ఆరకుండా మోసుకొచ్చినవాడి ప్రేమ కూడా చిన్నది కాదు.

ఆవరణలో దాదాపు 200 రకాల ఉమె చెట్లు 6,000 దాకా ఉన్నాయి. తోబియుమెకు తెల్లటి పూలు, మిగతా చెట్లకంటే ముందే పూస్తుంది. జనవరి చివరినుంచే పూలు చూడవచ్చు, మిగిలినవి ఫిబ్రవరి అంతా, మార్చి మొదటి వారాల దాకా వంతులవారీగా పూస్తాయి. మీరు ఫిబ్రవరి మధ్యలో వెళ్తే తోబియుమె పూలు రాలడం మొదలై, మిగతా తోట పూతమీద ఉంటుంది. తోబియుమెను నిండుగా చూడాలనుకుంటే నెల మొదట్లో వెళ్ళడం మేలు. కొత్త సంవత్సరం మొదటి మూడు రోజులూ, ప్రవేశ పరీక్షలున్న జనవరి నెలా కాలు పెట్టే సందు ఉండదు. ఫిబ్రవరిలోనూ శని ఆదివారాలు వదిలేసి, పనిరోజున ఉదయం 9 గంటల లోపు చేరుకోండి. కాని అలా చేస్తే ఎనోకిషాకు ముందు వెళ్ళడం కుదరదు కదా అనవచ్చు. రెండిటిలో ఒకటే కుదిరేటట్టయితే, రద్దీ భరించి అయినా కథ వరుస పాటించమంటాను.

గుడి పక్కనుంచి పొడవైన ఎస్కలేటర్ సొరంగం గుండా క్యూషూ జాతీయ మ్యూజియానికి దారి ఉంది. 2005లో తెరిచారు, ఆసియా ఖండంతో జపాన్‌కున్న రాకపోకలే దాని విషయం. అమ్మగారు అలసిపోతే అక్కడ చల్లగా కూర్చోవచ్చు. ఆవరణలోనే మిచిజనె జీవితాన్ని హకాతా మట్టిబొమ్మలతో చూపే చిన్న ప్రదర్శనశాల ఉంది. జపాన్ భాష రాకపోయినా, పైన రాసిన కథ తెలిసి ఉంటే బొమ్మ బొమ్మకూ మీరే అమ్మగారికి చెప్పగలుగుతారు.

మీరు చివరగా ఒకటి అడిగారు, అబ్బాయికి రక్ష ఏదైనా కొనాలా అని. చదువుకోసం ఇచ్చే ‘ఒమమోరి’ అనే చిన్న గుడ్డ సంచులుంటాయి. ఒకటి కొని అతను రోజూ మోసే సంచికి కట్టించండి. దాన్ని విప్పి లోపల ఏముందో చూడకూడదు. ఏడాది గడిచాక, ఫలితం ఎలా ఉన్నా, అతను దాన్ని తిరిగి గుడికే తెచ్చి అప్పగించి దండం పెట్టుకుని రావడం అక్కడి ఆనవాయితీ. అతను ఫుకుఒకాలోనే ఉంటాడు కనుక ఆ రెండవ ప్రయాణం మీరు లేకుండా ఒంటరిగా చేయవలసి వస్తుంది. ఎనోకిషా దారి అతనికి ఇప్పుడే చూపించి పెట్టండి.